కూలివాని కొడుకు డాక్టర్ ఒక్పారా

మన హాస్టళ్లలో బైపీసీ తీసుకున్న తమ్ముళ్ల ట్రంకు పెట్టెల మూత ఎత్తి చూస్తే లోపల ఏదో ఒక మూల పేరు ముందు 'డాక్టర్' అని రాసుకుని ఉంటుంది. మేము హాస్టల్లో ఉన్న రోజుల్లోనూ అంతే. పెన్నుతో రాసినవాళ్లు కొందరు, కాంపాస్ ముల్లుతో గీకినవాళ్లు కొందరు. ఆ ఒక్క మాట కోసం ఇంటి దగ్గర అమ్మానాన్నలు ఎండలో ఎంత మాడుతున్నారో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ నవ్వేవాళ్లు కాదు. అలాంటి మనకు, డాక్టరు చదువు పూర్తి చేసి, సొంత ప్రాంతంలో ప్రాక్టీసు కూడా పెట్టుకుని, తర్వాత దాన్ని పక్కన పెట్టి రాజకీయాల్లోకి వెళ్లిపోయిన మనిషి కథ చెబితే మొదట కోపమే వస్తుంది. మాకూ వచ్చింది. వచ్చిన సీటు, చదివిన చదువు అలా వదిలేస్తారా అనుకున్నాం.

ఆయన పేరు డాక్టర్ మైకేల్ ఒక్పారా. దేశం నైజీరియా. పీజీలో ఆఫ్రికా రాజకీయాల గురించి చదువుతున్నప్పుడు ఆయన పేరు ఇలా వచ్చి అలా పోయింది. పెద్దగా చెప్పిందేమీ లేదు. కాని 'కూలివాని కొడుకు' అన్న మాట దగ్గర మేము ఆగిపోయాం. అక్కడి నుంచి వెతుక్కుంటూ పోయి తెలుసుకున్న సంగతులు ఈ వార్షికోత్సవ సంచికలో మీతో పంచుకుంటున్నాం.

ముందు ఆ దేశం గురించి కాస్త చెప్పుకోవాలి. నైజీరియా పశ్చిమ ఆఫ్రికాలో ఉంది. మనలాగే బ్రిటిష్ వాళ్ల పాలనలో మగ్గింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ప్రాంతాలను 1914లో బ్రిటిష్ వాళ్లు ఒకే దేశంగా కలిపేశారు. ఉత్తరాన హౌసా, ఫులానీ ప్రజలు, పడమట యొరుబా ప్రజలు, తూర్పున ఇగ్బో ప్రజలు ఎక్కువ. ఇవి కాక వందల సంఖ్యలో చిన్న తెగలు, భాషలు. ఈ చిన్నవాళ్ల సంగతి మళ్లీ వస్తుంది, గుర్తు పెట్టుకోండి. స్వాతంత్ర్యానికి ముందే దేశాన్ని ఉత్తర, పశ్చిమ, తూర్పు రీజియన్లుగా విడగొట్టారు. రీజియన్‌కు ప్రీమియర్ అంటే మన దగ్గర రాష్ట్రానికి ముఖ్యమంత్రి లాంటివాడు. మన కథలో డాక్టరుగారు తూర్పు రీజియన్‌కు ప్రీమియర్ అయ్యారు.

ఒక్పారా 1920 డిసెంబర్ 25న, క్రిస్మస్ రోజున పుట్టారు. ఊరు ఉమువాహియా దగ్గర ఓహుహు ప్రాంతంలో ఒక పల్లె. నాన్న కూలి పని చేసేవాడు. పెండలం, కర్రపెండలం, పామాయిల్ గెలలు, ఇవే ఆ నేల మీద పంటలు. చదువంటే మిషన్ బడులే. సర్కారు బడులు ఎక్కడో ఒకటి. కూలివాని కొడుకు మిషన్ బడిలో అక్షరాలు దిద్ది, అక్కడి నుంచి ఉజువాకోలిలో మెథడిస్టులు నడిపే కాలేజీకి వెళ్లాడు. ఆ కాలేజీ 1923లో మొదలైంది. ఉమువాహియాకు దగ్గరే.

ఉజువాకోలి పేరు మనకు కొత్త కాని ఆ ఊరికీ మన నిజామాబాద్ జిల్లాకూ ఒక చుట్టరికం ఉంది. ఉజువాకోలిలో పెద్ద కుష్ఠురోగుల ఆసుపత్రి ఉండేది. కుష్ఠుకు మనవాళ్లందరికీ తెలిసిన డాప్సోన్ మాత్రల మీద తొలి ప్రయోగాలు కొన్ని 1940ల చివర అక్కడే జరిగాయి. ఆ పని చేసినవారిలో ముఖ్యుడు జాన్ లో అనే డాక్టరు, అంతకు చాలా ఏళ్ల ముందు మన డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో పనిచేసినవాడే. డిచ్‌పల్లి నుంచి కలకత్తా, కలకత్తా నుంచి ఉజువాకోలి. ఈ సంగతి తెలిశాక ఆఫ్రికా మాకు అంత దూరంగా అనిపించలేదు.

ఉజువాకోలిలో చదువుతూ ఒక్పారా స్కాలర్‌షిప్ సంపాదించాడు. స్కాలర్‌షిప్ అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమర్చి చెప్పనక్కరలేదు. అది వచ్చింది కాబట్టి లాగోస్ నగరం పక్కన యాబాలో ఉన్న హయ్యర్ కాలేజీలో వైద్యం చదవడానికి వెళ్లాడు.

ఈ యాబా కాలేజీ సంగతి మేము కొంచెం ఆగి చెప్పదలచుకున్నాం. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని 1934లో లాంఛనంగా ప్రారంభించింది. వైద్యం, ఇంజనీరింగ్, వ్యవసాయం వంటివి అక్కడ నేర్పేవారు. పేరుకు వైద్య విద్యే గాని ఇచ్చేది డిప్లొమా. ఆ డిప్లొమా నైజీరియా దాటితే చెల్లదు. ఇంగ్లండులో చదివి వచ్చినవాడు మెడికల్ ఆఫీసర్ అయితే యాబాలో చదివినవాడు అసిస్టెంట్ మెడికల్ ఆఫీసర్. ఒకే వార్డు, అవే రోగాలు, కాని హోదా వేరు, జీతం వేరు. మనవాళ్లకు ఈ మాత్రం చాలులే అన్నట్టుగా పెట్టిన కాలేజీ అది. దీని మీద లాగోస్ యువకులకు ఎంత మంట పుట్టిందంటే, ఆ 1934లోనే యువజన సంఘం ఒకటి పెట్టుకున్నారు. దాని మొదటి అధ్యక్షుడు కూడా డాక్టరే, వాన్ అనే ఆయన. నైజీరియా జాతీయోద్యమంలో ఒక పాయ ఇలా ఒక కాలేజీ సర్టిఫికెట్ విలువ మీద వచ్చిన గొడవలోంచి పుట్టింది. మన దగ్గర కూడా ఒక కాలేజీ డిగ్రీకి ఒక విలువ, ఇంకో కాలేజీ డిగ్రీకి ఒక విలువ ఉన్నాయని ఇంటర్వ్యూలకు తిరిగిన అన్నలను అడిగితే చెబుతారు.

ఒక్పారా ఆ చదువు పూర్తి చేశాడు. కొద్దికాలం ప్రభుత్వ డాక్టరుగా పనిచేశాడు. తర్వాత ఉమువాహియా తిరిగి వచ్చి సొంతంగా ప్రాక్టీసు పెట్టాడు. కూలివాని ఇంట్లోంచి వచ్చినవాడికి ఇంతకన్నా కావలసిందేముంది? కథ ఇక్కడ ఆపేసినా మన సంచికలో వేసుకోదగినదే.

ఆగకపోవడానికి ఒక కారణం అజికివే. అమెరికాలో చదివి వచ్చి, పత్రికలు నడిపి, నైజీరియా కుర్రకారును ఊపేసిన నాయకుడు ఆయన. జనం ముద్దుగా జిక్ అనేవారు. ఎన్‌సీఎన్‌సీ అనే జాతీయ పార్టీ 1944లో ఏర్పడితే దానికి వెన్నెముక ఆయనే. ఆయన పేరుతోనే 1946లో జికిస్టు ఉద్యమం అని యువకులు ఒకటి నడిపారు. అది కాస్త వేడిగా ఉండేది. పిటిషన్లు రాస్తూ కూర్చుంటే బ్రిటిష్ వాళ్లు కదలరని వాళ్ల అభిప్రాయం. ఉమువాహియా డాక్టరు ఈ జికిస్టులకు దగ్గరయ్యాడు.

రెండో కారణం 1949 నవంబర్ 18. ఆ రోజు ఎనుగులో జరిగింది. ఎనుగు అంటే మన ఏనుగు కాదు, తూర్పు రీజియన్ రాజధాని పేరు. ఇగ్బో భాషలో కొండ మీది ఊరు అని అర్థం వస్తుంది. ఆ కొండల్లో బొగ్గు గనులు. మన సింగరేణి లాగానే ఊరంతా బొగ్గు మీద బతికేది. పాత బాకీ జీతాలు ఇమ్మని గని కార్మికులు పని నెమ్మదిగా చేయడం మొదలుపెట్టారు. యాజమాన్యం కొందరిని తీసేసింది. గేట్లు మూసేస్తారన్న భయంతో కార్మికులు గని విడిచి పోలేదు. గనిలో పేలుడు మందు ఉంటుంది కదా, అది జికిస్టుల చేతిలో పడుతుందేమోనని ప్రభుత్వానికి భయం పట్టుకుంది. మందు తరలించడానికి ఇవా వ్యాలీ గనికి పోలీసులను పంపారు. కార్మికులు గుమిగూడారు, పాడారు, చిందులు తొక్కారు. పోలీసు అధికారి తెల్లవాడు, వాళ్ల భాష తెలియదు. మీద పడబోతున్నారనుకున్నాడు. కాల్చమన్నాడు. 21 మంది గని కార్మికులు చనిపోయారు. 51 మంది గాయపడ్డారు. వాళ్ల చేతుల్లో తుపాకులు లేవు.

ఆ కాల్పులతో తూర్పు ప్రాంతపు పట్నాలన్నీ భగ్గుమన్నాయి. ఆబా, ఓనిత్షా, పోర్ట్ హార్కోర్ట్, కలాబార్ అన్నిచోట్లా అల్లర్లు. జికిస్టులను పట్టుకుని లోపల వేశారు. వారిలో డాక్టర్ ఒక్పారా కూడా ఉన్నారు. గొడవలో చేయి ఉందని ఆరోపణ. అది నిలబడలేదు, కొద్ది కాలానికే వదిలేశారు. జికిస్టు ఉద్యమాన్ని మాత్రం 1950లో నిషేధించారు. డాక్టరుగారు జైలు నుంచి వచ్చారు గాని పూర్తిగా ప్రాక్టీసుకు తిరిగి రాలేదు.

ఎందుకు రాలేదో ఆయన మనసులో దూరి చూసినట్టు మేము చెప్పలేం. మాకు తోచింది మాత్రం చెబుతాం. ఆయన పెరిగిన నేల మీద డాక్టరు దగ్గరికి వచ్చే రోగాల్లో చాలా వాటికి మందు ఆసుపత్రిలో లేదు. సరైన తిండి లేకపోవడం, చెడ్డ నీళ్లు, దోమలు, కూలి గిట్టకపోవడం, ఇవి చీటీ మీద రాసే మందులతో పోవు. ఒక గుండు ఎవరినైనా గాయపరిస్తే దాన్ని డాక్టరు తీయగలడు. కాల్చమనే అధికారం ఎవరి చేతిలో ఉండాలన్నది డాక్టరు తేల్చలేడు. తర్వాత ఆయన చేసిన పనులు చూస్తే ఈ లెక్క ఆయన వేసుకున్నారనే అనిపిస్తుంది.

1952లో ఎన్‌సీఎన్‌సీ తరఫున తూర్పు శాసనసభలో అడుగుపెట్టారు. ఆ ఏడే మంత్రి. ఆరోగ్యశాఖ చూశారు, తర్వాత ఏళ్లలో ఉత్పత్తి, వ్యవసాయ శాఖలు కూడా చూశారు. 1953లో పార్టీలో పెద్ద చీలిక వచ్చింది. మంత్రులందరూ రాజీనామా చేయాలని పార్టీ ఆదేశిస్తే ఎక్కువమంది మంత్రులు ఎదురు తిరిగారు. ఒక్పారా అజికివే పక్షాన నిలిచారు. పదవి పోతుందని తెలిసి నిలవడం గొప్పే. అయితే ఎదురు తిరిగినవారికి నాయకుడైన ఎయో ఇటా ఇగ్బోవాడు కాదు, కలాబార్ వైపు చిన్న జాతివాడు. ఆయనను పక్కకు తోసేశారన్న బాధ ఆ చిన్న జాతుల్లో చాలాకాలం ఉండిపోయింది.

1959 చివర అజికివే ప్రాంతీయ పదవి వదిలి కేంద్రానికి వెళ్లారు. ఆ స్థానంలో ఒక్పారా ప్రీమియర్ అయ్యారు. వయసు 39. అప్పటి నైజీరియా ప్రీమియర్లలో చిన్నవాడు ఆయనే. 1960 అక్టోబర్ 1న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. అదే నెలలో ఎన్సుక్కాలో నైజీరియా విశ్వవిద్యాలయం మొదలైంది. ఆ ఆలోచన అజికివేది, తలుపులు తెరిచేనాటికి ప్రీమియర్ ఒక్పారా. కొద్ది రోజులకే, నవంబర్‌లో, అజికివే గవర్నర్ జనరల్ కావడంతో పార్టీ నాయకత్వం కూడా ఒక్పారాకే వచ్చింది. జనం ఆయన ఇనీషియల్స్ పట్టుకుని ఎం.ఐ. పవర్ అని పిలిచేవారు. సినిమా హీరోకు పెట్టినట్టుంది గాని ఆయన పెట్టించుకున్నది కాదు, జనం పెట్టింది.

ఇక ఆయన చేసిన పనుల్లో మాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది వ్యవసాయం. తూర్పు రీజియన్‌లో అప్పటికి నేల కింద చమురు దొరికింది. 1956లో ఓలోయిబిరి అనే ఊళ్లో పడింది, 1958లో ఎగుమతి మొదలైంది. ఇంకొకరైతే చమురు చూసుకుని చేను మరచిపోయేవాడు. తర్వాత వచ్చిన పాలకులు సరిగ్గా అదే చేశారు. ఒక్పారా మాత్రం అన్నం పెట్టేది చేనే అని పట్టుకు కూర్చున్నారు. తన విధానానికి ఆచరణాత్మక సోషలిజం అని పేరు పెట్టుకున్నారు. అంటే పుస్తకాల్లో ఉన్నది కాకుండా మన నేలకు పనికొచ్చేది చూసుకుందామని.

ఆయనకు ముందున్న సమస్య మన హాస్టల్‌వాళ్లకు బాగా అర్థమయ్యేది. తూర్పు ప్రాంతంలో బడులు పెరిగాయి. పిల్లలు చదువుకున్నారు. చదువుకున్నవాడు చేలోకి దిగడు. పట్నం పోతే ఉద్యోగం లేదు. ఊళ్లో తండ్రి ఒక్కడే ముసలితనంలో పార పట్టుకుని ఉంటాడు, కొడుకు బజారులో దరఖాస్తులు పట్టుకుని తిరుగుతుంటాడు. దీనికి ఏం చేయాలి?

ఒక్పారా ఇజ్రాయెల్ వైపు చూశారు. అక్కడ మోషావ్ అని ఒక పద్ధతి ఉంది. ఎవరి కమతం వారిదే, ఎవరి ఇల్లు వారిదే. విత్తనాలు, ఎరువులు కొనడం, పంట అమ్మడం మాత్రం ఊరంతా కలిసి సహకార పద్ధతిలో చేస్తారు. ఆ నమూనాలో 1960ల మొదట్లో తూర్పు రీజియన్‌లో వ్యవసాయ కాలనీలు కట్టించారు. ఇగ్బారియం, ఓహాజి, బోకి, ఉజో ఉవాని వంటివి వాటిలో కొన్ని. చదువుకున్న యువకులను తీసుకొచ్చి, భూమి, ఇల్లు, రోడ్డు, శిక్షణ ఇచ్చి నిలబెట్టాలన్నది పథకం. చదువుకున్నవాడు పొలం చేస్తే అది పాత పొలంలా ఉండకూడదు, గౌరవంగా బతికేటట్టు ఉండాలని ఉద్దేశం. ఉత్తర ప్రాంతపు ప్రీమియర్ అహ్మదు బెల్లోకు ఇజ్రాయెల్‌తో సంబంధమే గిట్టదు. అయినా తూర్పున ఒక్పారా ఆ నిపుణులను రప్పించుకున్నారు.

పథకం గొప్పగా ఆడిందా అంటే పూర్తిగా ఆడలేదు. ఒక్కో కుటుంబాన్ని నిలబెట్టడానికి ఖర్చు తడిసి మోపెడయింది. అంత డబ్బుతో కొద్దిమందికే మేలు జరిగింది. నిజానికి దీనికన్నా బాగా నడిచింది ఇంకొక చిన్న పని. పాత అడవి పామ్ చెట్లు కొట్టేసి, మేలు రకం మొక్కలు నాటుకునే మామూలు రైతుకు ప్రభుత్వం సాయం చేసేది. రైతు ఊరు వదలక్కరలేదు, కాలనీ కట్టక్కరలేదు. కొంచెం సాయం చేస్తే రైతే మిగిలింది చూసుకున్నాడు. పెద్ద బోర్డులు పెట్టిన పథకం కన్నా చిన్న సాయం ఎక్కువ పనిచేయడం మనం కూడా చూస్తూనే ఉంటాం.

పామాయిల్ అనగానే మాకు హాస్టల్ మెస్ గుర్తుకొచ్చింది. చలికాలంలో డబ్బాలో గడ్డకట్టి, వేడి చేస్తే కరిగే ఆ నూనె. రేషన్ షాపుల్లో ఇచ్చిన పామాయిల్ ప్యాకెట్లు తిన్న ఇళ్లే మనవన్నీ. ఆ చెట్టు పుట్టిల్లు ఈ పశ్చిమ ఆఫ్రికా. పశ్చిమ గోదావరిలో ఎకరాల కొద్దీ కనిపించే పామాయిల్ తోటలకు మూలం అక్కడే. 1960ల దాకా ప్రపంచంలో పామాయిల్ ఎక్కువగా అమ్మే దేశం నైజీరియా. ఆ దశకంలోనే మలేషియా దాన్ని దాటిపోయింది. యుద్ధం, చమురు మోజు, రెండూ కలిసి నైజీరియా తోటలను దెబ్బతీశాయి. మన మెస్‌లోకి వచ్చిన నూనె మలేషియాది, ఇండోనేషియాది కావడం వెనక ఇంత కథ ఉంది.

పరిశ్రమల విషయం త్వరగా చెప్పి ముందుకు పోతాం. ఎన్కలాగు సిమెంటు ఫ్యాక్టరీ ఆయన ప్రీమియర్ కాకముందే వచ్చింది. ఆయన కాలంలో పోర్ట్ హార్కోర్ట్ దగ్గర ట్రాన్స్ అమాది పారిశ్రామికవాడ పెరిగింది. ఉమువాహియాలో పింగాణీ ఫ్యాక్టరీ, బీరు ఫ్యాక్టరీ వచ్చాయి. ఎనుగులోనూ పోర్ట్ హార్కోర్ట్‌లోనూ పెద్ద హోటళ్లు కట్టారు. హోటళ్లు అంత అవసరమా అని మాకు అనిపించింది గాని కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాలన్నింటికీ ఆ ముచ్చట ఉండేది.

మంచి మాత్రమే చెప్పి చెడు దాచేస్తే మన సంచిక పరువు పోతుంది. ఒక్పారా తప్పులు చిన్నవి కావు.

మొదటిది, ఇందాక గుర్తు పెట్టుకోమన్న చిన్న జాతుల విషయం. తూర్పు రీజియన్ అంతా ఇగ్బోలదే కాదు. ఇజా, ఇబిబియో, ఎఫిక్ వంటి జాతులు లక్షల్లో ఉన్నాయి. మాకు ప్రత్యేక రాష్ట్రం కావాలని వాళ్లు స్వాతంత్ర్యానికి ముందు నుంచే అడుగుతున్నారు. బ్రిటిష్ వాళ్లు 1957లో విల్లింక్ కమిషన్ వేశారు, అది 1958లో భయాలు నిజమే అని చెప్పి రాష్ట్రాలు మాత్రం వద్దంది. చమురు దొరికిన ఓలోయిబిరి ఇజా జాతివాళ్ల నేల. పక్కన పశ్చిమ రీజియన్‌ను చీల్చి 1963లో మిడ్ వెస్ట్ అనే కొత్త రీజియన్ ఏర్పాటు చేస్తే ఒక్పారా పార్టీ సంతోషంగా ఒప్పుకుంది. తన సొంత రీజియన్‌లో చిన్నవాళ్లు అదే అడిగితే మాత్రం ఇవ్వలేదు. ఎవరి ఇంట్లో వాళ్లు పెద్దన్నలే. అణగారిన ఇంటి నుంచి వచ్చినవాడు కూడా తనకన్నా చిన్నవాడి గొంతు వినకపోవడం మాకు బాధ కలిగించింది. ప్రత్యేక రాష్ట్రం మాట మన ప్రాంతంలో ఎంత వేడి పుట్టించగలదో మనకు తెలియనిది కాదు.

రెండోది ఎన్నికల బహిష్కరణ. 1963 జనాభా లెక్కల్లో ఉత్తరానికి దేశంలో సగానికి పైగా జనం ఉన్నట్టు తేలింది. జనాభాను బట్టి పార్లమెంటు సీట్లు. లెక్కలు తప్పుల తడక అని ఒక్పారా ఒప్పుకోలేదు. తూర్పు ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయి ఓడింది. 1964లో పశ్చిమాన ఉన్న యాక్షన్ గ్రూప్ పార్టీతో కలిసి కూటమి కట్టారు. ఆ డిసెంబర్ 30న ఎన్నికలు. నామినేషన్ల దగ్గరే మోసం జరుగుతోందని చెప్పి కూటమి బహిష్కరణకు పిలుపిచ్చింది. తూర్పు రీజియన్‌లో పోలింగే జరగలేదు. మిగతాచోట్ల జరిగిపోయింది. అవతలివాళ్లకు మెజారిటీ వచ్చింది. అధ్యక్షుడిగా ఉన్న అజికివే కొద్దిరోజులు బిగుసుకుని, చివరికి బలేవానే మళ్లీ ప్రధానిగా పిలిచారు. తూర్పులో 1965 మార్చిలో ఎన్నికలు పెట్టుకోవలసి వచ్చింది. ఫిర్యాదు నిజమైనదే. కాని ఆట మధ్యలో మైదానం వదిలి వస్తే గోలు ఎవరు కొడతారో చూసుకోవాలి కదా. అదే ఏడు పశ్చిమ రీజియన్ ఎన్నికల్లో రిగ్గింగ్, ఇళ్లు తగలబెట్టడాలు. రాజకీయాల మీద జనానికి నమ్మకం పోయింది.

1966 జనవరి 15 తెల్లవారుజామున సైన్యంలో యువ అధికారులు తిరగబడ్డారు. ప్రధాని బలేవా, ఉత్తర ప్రీమియర్ అహ్మదు బెల్లో, పశ్చిమ ప్రీమియర్ అకింతోలా హతమయ్యారు. తూర్పు ప్రీమియర్ ఒక్పారా బతికారు. ఆ రోజు ఎనుగులో ఆయన ఇంట అతిథి ఉన్నారు. సైప్రస్ అధ్యక్షుడు ఆర్చిబిషప్ మకారియోస్. లాగోస్‌లో కామన్వెల్త్ సమావేశానికి వచ్చి ఇటు తిరిగారు. విదేశీ అధ్యక్షుడి ముందు రక్తం చిందించడం ఎందుకని సైనికులు వెనకాడారని చెబుతారు. ఇంట్లో చుట్టం ఉండడం వల్ల ప్రాణం దక్కిన ముఖ్యమంత్రి ప్రపంచంలో ఇంకొకరు ఉన్నారో లేదో.

దక్కిన ఆ ప్రాణమే తర్వాత జాతికి నింద అయింది. తిరుగుబాటు అధికారుల్లో ఎక్కువమంది ఇగ్బోలు. చనిపోయిన నాయకులు ఇగ్బోలు కారు. ఇగ్బో ప్రీమియర్ బతికాడు. ఇదంతా ఇగ్బోల కుట్ర అని ఉత్తరాన రాజుకుంది. జులైలో ఎదురు తిరుగుబాటు జరిగింది. ఉత్తరాది పట్నాల్లో రైల్వేల్లో, ఆఫీసుల్లో, దుకాణాల్లో బతుకుతున్న ఇగ్బోలను వేల సంఖ్యలో చంపారు. మిగిలినవాళ్లు మూటాముల్లె వదిలి తూర్పుకు పరుగెత్తారు. 1967 మే 30న తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోయినట్టు సైనిక గవర్నర్ ఒజుక్వు ప్రకటించాడు. జులైలో యుద్ధం. ఒక్పారా ఒజుక్వుకు రాజకీయ సలహాదారుగా నిలిచారు.

అక్టోబర్‌లో ఎనుగు పడిపోయింది. రాజధానిని ఉమువాహియాకు మార్చారు. డాక్టరుగారు ప్రాక్టీసు పెట్టిన ఊరు ఒక దేశానికి రాజధాని అయింది, 1969 ఏప్రిల్‌లో అదీ పడిపోయింది. చుట్టూ దిగ్బంధం. తిండి రాదు, ఉప్పు రాదు, మందులు రావు. పిల్లలకు మాంసకృత్తులు లేక క్వాషియార్కర్ పట్టుకుంది. పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లలై, జుట్టు ఎర్రబారిన ఆ పిల్లల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. బయాలజీ పుస్తకంలో క్వాషియార్కర్, మరాస్మస్ అని రెండు మార్కుల ప్రశ్నకు మనం బట్టీ పట్టిన రోగం అదే. యుద్ధంలో చనిపోయినవారు పది లక్షలకు పైనే అని అంచనా, ఎక్కువమంది ఆకలితో. ఆరోగ్య మంత్రిగా, వ్యవసాయ మంత్రిగా, ప్రీమియర్‌గా ఏళ్ల తరబడి ఏ జనానికి తిండి పెట్టాలని పాటుపడ్డాడో ఆ జనమే తిండి లేక చనిపోతుంటే డాక్టరు కళ్లారా చూడవలసి వచ్చింది. ఈ భాగం చదివిన రోజు మేము మెస్‌లో అన్నం పారేయలేకపోయాం.

1970 జనవరి 15న యుద్ధం ముగిసింది. సరిగ్గా నాలుగేళ్ల కిందట తిరుగుబాటు జరిగిన తేదీ. ఓడిన ప్రాంతంలో బ్యాంకులో ఎంత డబ్బున్నా మనిషికి 20 పౌండ్లే ఇచ్చారు. కోటీశ్వరుడికీ ఇరవయ్యే, గుమాస్తాకూ ఇరవయ్యే. ఒక్పారా దేశం విడిచి ఐర్లండులో తలదాచుకున్నారు. తిరిగి వచ్చింది 1979లో. అప్పటికి ఆయన వయసు 58.

వచ్చేసరికి ఉండడానికి ఆయనకంటూ సొంత ఇల్లు లేదు. ఆరేళ్లు ప్రీమియర్‌గా, అంతకుముందు ఏడేళ్లు మంత్రిగా ఉన్న మనిషి, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న రీజియన్‌కు పెద్దగా ఉన్న మనిషి, సొంత ఊళ్లో తనకని ఒక ఇల్లు కట్టుకోలేదు. మిత్రులు, ఆయన వల్ల మేలు పొందినవారు కలిసి డబ్బు పోగు చేసి ఊళ్లో ఇల్లు కట్టించారని అక్కడివారు చెప్పుకుంటారు. ఇందులో మాకు రెండు రకాల ఆలోచన వచ్చింది. ఒకటి, గర్వం. రెండోది, ఇంటి ఆడవాళ్ల వైపు నుంచి చూస్తే ఏమనిపించి ఉంటుందోనని. ఆయన భార్య ఆదన్మా ఈ పదవులు, యుద్ధం, పరాయి దేశం అన్నీ ఆయనతో పాటు మోశారు. మన ఇళ్లలో మొదటి ఉద్యోగం వచ్చిన అన్నను అమ్మ మొదట అడిగేది పైకప్పు గురించే. రేకుల ఇల్లు ఎప్పుడు డాబా అవుతుందని. ఆ ప్రశ్నకు ఒక్పారా ఇంట్లో ఏం జవాబు వచ్చేదో పుస్తకాల్లో ఎక్కడా దొరకదు.

ఒక్పారా 1984 డిసెంబర్ 17న కన్నుమూశారు. ఇంకో ఎనిమిది రోజులు ఆగితే 64 నిండేవి.

ఎనుగు నడిబొడ్డున ఆయన పేరుతో మైదానం ఉంది, రోడ్డు ఉంది. ఉమువాహియా పక్కనే ఉముదికేలో 1992లో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టి తర్వాత దానికి ఆయన పేరు పెట్టారు. పేరు ముందు డాక్టరని ఉన్న మనిషి కదా, వైద్య కళాశాల అయి ఉంటుందని మేమూ అనుకున్నాం. కాదు, అది వ్యవసాయ విశ్వవిద్యాలయం.